ఎంఏ ఇంగ్లిష్ లాంగ్వేజ్ అండ్ లింగ్విస్టిక్స్: ల్యాబుకి ఐదు స్టార్లు, నోట్స్ డిక్టేషన్‌కి ఒకటి

రెండేళ్ల ఎంఏకి రివ్యూ రాయడమేంటి, అదేమన్నా మిక్సీయా అని మా ఆయన నవ్వాడు. మిక్సీ నచ్చకపోతే వారంలో వెనక్కి పంపేయొచ్చు. ఈ చదువు కోసం నేను వదులుకున్నది రెండేళ్ల జీతం, దాన్ని వెనక్కి పంపే వీలు లేదు. రివ్యూలు కావాల్సింది ఇలాంటివాటికే. నేను చేరే ముందు వెతికితే దొరికినవన్నీ "గుడ్ ఫ్యాకల్టీ, గ్రీన్ క్యాంపస్, నో ప్లేస్‌మెంట్స్" అనే మూడు ముక్కలే. క్లాసులో ఏం చేయిస్తారో ఒక్కరూ రాయలేదు.

నా సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే నా రివ్యూలో సగం దాన్నిబట్టే ఉంటుంది. పుట్టింది తెనాలి దగ్గర, పని చేసింది మాదాపూర్‌లో. కాల్ సెంటర్లలో వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనర్‌గా పదేళ్లకి పైగా ఉన్నాను. కొత్తగా చేరిన బ్యాచ్‌ని కూర్చోబెట్టి, అమెరికా వాడికి అర్థమయ్యేలా మాట్లాడించడం నా ఉద్యోగం. చెవి పెట్టి వినడం, ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోవడం, మళ్లీ అనిపించడం. ఎందుకలా అనాలి అని పిల్లలు అడిగితే మాత్రం మా దగ్గర ఉన్న జవాబు పీపీటీలో తర్వాతి స్లయిడే. ఆ "ఎందుకు" కోసమే ముప్పై ఆరో ఏట ఉద్యోగం మానేసి, మన వైపే ఉన్న ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరాను. దాని పేరు రాయడం లేదు. కింద కొన్ని తిట్లున్నాయి. ఇదే చదువు వేరే చోట్ల చదివిన స్నేహితులతో మాట్లాడితే వాళ్లవీ దాదాపు అవే తిట్లు, కాబట్టి ఒక్కరి మీద వేయడం న్యాయం కాదు.

ఎంఏ ఇంగ్లిష్ అనగానే ఇంట్లోవాళ్లు నవలలూ నాటకాలూ అనుకుంటారు. ఇందులో సాహిత్యం దాదాపు లేదు, ఉన్నదంతా లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రం. నాలుగు సెమిస్టర్లలో ఫొనెటిక్స్ (శబ్దాలు నోట్లో ఎలా పుడతాయో), ఫొనాలజీ (ఒక భాషలో శబ్దాలు ఏ సూత్రాలతో నడుస్తాయో), మార్ఫాలజీ (మాటల నిర్మాణం), సింటాక్స్ (వాక్య నిర్మాణం), ఇంగ్లిష్ భాషా చరిత్ర, సెమాంటిక్స్ (అర్థాల సంగతి), సోషియోలింగ్విస్టిక్స్ (సమాజంలో భాష), భాషా బోధన, ఫీల్డ్ మెథడ్స్, చివర్లో ప్రాజెక్టు. స్పోకెన్ ఇంగ్లిష్ కూడా లేదు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి అది బాగుపడుతుందని చేరి, రెండో నెలలో బీఈడీకి వెళ్లిపోయాడు. తెలివైన పని చేశాడనే అంటాను.

ఇక ల్యాబు. ఈ కోర్సులో డబ్బుకి తగ్గ సరుకు ఎక్కువగా దొరికేది ఇక్కడే. చూస్తే ఏమీ ఉండదు: గోడలకి ఫోమ్ అతికించిన చిన్న గది, పాత కంప్యూటర్లు, ఒక మంచి మైకు. రికార్డింగ్ చేసేటప్పుడు ఏసీ ఆపేయాలి, దాని గురగుర మైకులోకి వచ్చేస్తుంది. మే నెలలో తలుపు మూసుకుని, ఏసీ ఆపేసి, "పాప, పాట, పాలు" అని అరగంట చదివితే చెమటకి కాగితం చేతికి అంటుకుంటుంది. వాడే సాఫ్ట్‌వేర్ ప్రాట్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్ తయారు చేసింది, ఉచితం, ఎవరైనా దింపుకోవచ్చు. మొదటిసారి తెరిస్తే పాతకాలం నాటి కిటికీలు రెండు పక్కపక్కనే వచ్చి భయపెడతాయి. పది రోజులు ఓపిక పడితే అలవాటైపోతుంది.

కాల్ సెంటర్‌లో మేం నోటి ముందు టిష్యూ పేపర్ పట్టుకుని "పెన్" అనిపించేవాళ్లం. పేపర్ కదిలితే పాస్. ప్రాట్‌లో అదే "పెన్"ని తెరిస్తే, పెదాలు విడిపోయిన క్షణానికీ గొంతు మోగడం మొదలైన క్షణానికీ మధ్య ఖాళీ కంటికి కనబడుతుంది. దాన్ని మౌసుతో పట్టుకుని మిల్లీసెకన్లలో కొలవొచ్చు. తెలుగు "పాప"లో ఆ ఖాళీ దాదాపు ఉండదు, పెదాలు విడిపోవడమే ఆలస్యం గొంతు మోగుతుంది. ఇంగ్లిష్ వాడి "పెన్"లో అది అరవై మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. టిష్యూ పేపర్ని కదిలించే గాలి ఆ ఖాళీలోదే. 1964లో లిస్కర్, అబ్రామ్‌సన్ అనే ఇద్దరు ఈ ఖాళీని పదకొండు భాషల్లో కొలిచారు. అందులో తమిళం, హిందీ, మరాఠీ ఉన్నాయి, తెలుగు లేదు. మా మొదటి అసైన్‌మెంట్ ఆ పట్టిక కింద తెలుగుకి ఒక వరస చేర్చడం. ఒక్కొక్కరూ ఇంట్లోవాళ్ల గొంతులు రికార్డు చేసి తెచ్చారు. ప, ఫ, బ, భ నాలుగూ రాసేటప్పుడు వేరు కదా, మాట్లాడేటప్పుడు ఎంతమంది నిజంగా వేరుగా అంటున్నారో చూసి క్లాసంతా గొడవ. "ఫలం"ని కొందరు "పలం" అంటున్నారు, కొందరు పై పళ్లు కింది పెదవికి ఆనించి పూర్తి ఇంగ్లిష్ ఎఫ్ అంటున్నారు, పుస్తకంలో రాసినట్టు అనేవాళ్లు వెతికితే గానీ దొరకలేదు.

ట విషయం ఇంకా బాగుంటుంది. మన త పళ్ల దగ్గర పుడుతుంది, మన ట నాలుక మడిస్తే పుడుతుంది. ఇంగ్లిష్ వాడి టి ఈ రెంటికీ మధ్య, పై పళ్ల వెనక చిగురు మీద పుడుతుంది. మన చెవికి అక్కడ అర లేదు, తీసుకెళ్లి ట అరలో పెట్టేస్తుంది. అందుకే టేబులూ టికెట్టూ. మన వ కూడా అంతే, అది వి కాదు, డబ్ల్యూ కాదు. ప్రపంచ భాషల శబ్దాలకి గుర్తులిచ్చే ఐపీఏ పట్టికలో దానికి విడిగా ఒక గుర్తు ఉంది, వి అక్షరానికి పైకొస వంచినట్టుంటుంది. ఇది తెలిశాక "మీకు వి పలకడం రాదు" అని పిల్లల్ని తిట్టే ట్రైనర్లని చూస్తే చిరాకేస్తుంది. వాళ్లకి రానిది వి కాదు, ఉన్న ఒక్క వ ని రెండుగా చీల్చుకోవడం.

ఫొనెటిక్స్ చెప్పిన మాస్టారి గురించి రెండు ముక్కలు. ఆయన అర్థం లేని మాటలు పలుకుతారు, మనం ఐపీఏలో రాయాలి. ఆఫ్రికా భాషల్లో ఉండే నాలుక చప్పుళ్లు, లోపలికి గాలి పీల్చే బ లాంటివి, ఒక్కసారే అంటారు, రెండోసారి అడిగితే నవ్వుతారు. గోడ మీద ఐపీఏ చార్టు 1993 నాటిది. 2005లో చేరిన ఒక గుర్తు అందులో లేదు, దాన్ని ఆయనే స్కెచ్ పెన్‌తో ఆ గడిలో రాసి పెట్టుకున్నారు. కొత్త చార్టు ప్రింటు తీయించడానికి ఆఫీసుకి లెటర్ పెట్టాలట. పెట్టి చాలా కాలమైందట.

ల్యాబు మీద నా ఒకే ఒక్క ఫిర్యాదు టైమింగ్స్. సాయంత్రం నాలుగయ్యేసరికి అసిస్టెంట్ తాళం వేసుకుని బస్సుకి వెళ్లిపోతాడు. క్లాసులు కూడా అదే టైముకి అయిపోతాయి. మరి ఎప్పుడు చేసుకోవాలి? మధ్యాహ్నం భోజనం మానేసి.

ఫొనాలజీ, మార్ఫాలజీ పేపర్లు కూడా బాగా నచ్చాయి, ఎందుకంటే అవి లెక్కల పుస్తకంలా సమస్యలతో నడుస్తాయి. ముందు టర్కిష్, స్వాహిలి లాంటి భాషల డేటా ఇస్తారు, సూత్రం మనం పట్టుకోవాలి. అది అయ్యాక మన నోట్లో ఉన్న డేటా తెమ్మంటారు. ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటలు తెలుగులో ఎలా మారతాయో రాసుకు రమ్మన్నారు ఒకసారి. బస్సు, కప్పు, పెన్ను, నెట్టు, క్లిప్పు ఒక గుంపు. గేటు, కోటు, సూటు, ప్లేటు, కారు ఇంకో గుంపు. రెండింటికీ చివర ఉ చేరింది. ముందు అచ్చు పొట్టిదైతే హల్లు రెట్టింపవుతోంది, పొడుగుదైతే అవడం లేదు. మా అత్తగారికి ఇంగ్లిష్ రాదు, ఈ సూత్రం ఎవరూ చెప్పలేదు, అయినా టీవీలో కొత్తగా విన్న మాటని కూడా ఇదే లెక్కలో తిప్పేస్తారు. అంతా బాగా కుదిరిందని పొంగిపోతుంటే మాస్టారు బోర్డు మీద "రోడ్డు" అని రాసి కూర్చున్నారు. ఓ పొడుగే కదా, మరి రెండు డ లు ఎందుకు? ఆ గంటంతా రోడ్డు మీదే గడిచింది. ఎవరి సమాధానమూ ఆయనకి నచ్చలేదు, ఆయన సమాధానం మాకూ నచ్చలేదు.

ఇంకోసారి "కాఫీ గీఫీ", "పుస్తకం గిస్తకం". మొదటి అక్షరం తీసేసి గి పెడతాం, అచ్చు పొడుగుదైతే గీ. ఇంతవరకూ సులువు. మరి గిన్నెకి ఏం చేస్తారు అన్నారు. క్లాసులో ఎవరి నోటా జవాబు రాలేదు, అందరూ "గిన్నెలూ చెంబులూ" అని తప్పించుకున్నారు. ఇలాంటి క్లాసు రోజు ఇంటికొచ్చి కూడా బుర్ర ఆగదు. వంట చేస్తూ గరిట గిరిట అనుకుంటూ ఉంటాం.

ఇప్పుడు తిట్లు. సింటాక్స్ పేపర్ దండగ. సబ్జెక్టు దండగ కాదు, మాకు చెప్పిన తీరు. వాక్య నిర్మాణం మీద అమెరికా భాషావేత్త చోమ్‌స్కీ 1957లో మొదలుపెట్టిన సిద్ధాంతాన్ని, 1995 నాటి దాని కొత్త రూపం మినిమలిస్ట్ ప్రోగ్రామ్ దాకా ఒక్క సెమిస్టర్లో పరిగెత్తించారు, అది కూడా పసుపు పచ్చబడిన నోట్స్ చూసి డిక్టేషన్. నలభై ఏళ్లలో ఆ సిద్ధాంతం తన మాట తనే ఎన్నోసార్లు మార్చుకుంది, ఎందుకు మార్చుకుందో తెలియకుండా పాతదీ కొత్తదీ రెండూ బట్టీ పట్టాం. వాక్యాన్ని కొమ్మలుగా విడదీసి గీసే చెట్టు బొమ్మలన్నీ ఇంగ్లిష్ వాక్యాలవే. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, "ఎవరిని చూశావు"లో ప్రశ్న మాట ఇంగ్లిష్‌లో లాగా ముందుకి గెంతక్కర్లేదు కదా, మరి తెలుగు చెట్టు ఎలా గీయాలి అని అడిగితే "పరీక్షకి రాదు" అన్నారు. నిజమే, రాలేదు. గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో ఈ నోట్సే స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతారు, క్లాసుకి వెళ్లకుండా అది కొనుక్కున్నవాళ్లకీ నాకూ మార్కులు పక్కపక్కనే వచ్చాయి. సెమాంటిక్స్ కూడా ఇదే బాపతు, దాని గురించి వేరే చెప్పను.

భాషా చరిత్ర పేపర్ మధ్యరకం, అయితే నాకు బాగా పనికొచ్చింది. "మేడమ్, నైట్ (knight) స్పెల్లింగ్‌లో ముందు కె ఎందుకు?" అని నా ట్రైనీలు ఎన్నిసార్లు అడిగారో! ఒకప్పుడు ఆ కె ని నిజంగానే పలికేవాళ్లు. కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చు యంత్రం పెట్టాడు, స్పెల్లింగులు మెల్లగా గట్టిపడటం మొదలైంది. అదే కాలంలో, సుమారు 1400 నుంచి 1700 దాకా, ఇంగ్లిష్ పొడుగు అచ్చులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నోట్లో పైకి జరిగాయి, అప్పటికే పైన ఉన్నవి జంట అచ్చులైపోయాయి. దాన్నే గ్రేట్ వవెల్ షిఫ్ట్ అంటారు. "నేమ్" అనే మాటని ఆ జరుగుడుకి ముందు "నామ" లాగా అనేవాళ్లు. అచ్చులు కదిలిపోయాయి, అక్షరాలు కాగితం మీద అలాగే ఉండిపోయాయి. ఈ పావుగంట పాఠం ఎవరైనా నాకు ఉద్యోగంలో చేరిన రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

భారతీయ ఇంగ్లిష్ పేపర్లో నాకు పాత ఉద్యోగం మీద కోపం వచ్చిన సందర్భం ఒకటుంది. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు, తర్వాత సీఫెల్‌గా పేరుపడి, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది ఆ సంస్థే. అక్కడ పని చేసిన ఆర్.కె.బన్సాల్, భారతీయుల ఇంగ్లిష్ ఇతర దేశాలవాళ్లకి ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించి 1969లో పుస్తకం వేశారు. పదంలో ఒత్తు (స్ట్రెస్, అంటే ఒక భాగాన్ని గట్టిగా పలకడం) తప్పు చోట పడటం అర్థం కాకపోవడానికి ఒక పెద్ద కారణమని అందులో తేల్చారు. కాల్ సెంటర్లు మాదాపూర్‌కి రావడానికి మూడు దశాబ్దాల ముందు, అదే ఊళ్లో, తార్నాక వైపు జరిగిన పని ఇది. మేం మాత్రం వి, డబ్ల్యూ తేడా మీద వారాలు ఖర్చు పెట్టి, ఒత్తుల మీద ఒక పూట సరిపెట్టేవాళ్లం. ఆ ట్రైనింగ్ మాడ్యూల్ తయారు చేసినవాళ్లెవరూ ఇది చూసినట్టు లేదు. ఇంకో తమాషా: ఇంగ్లిష్‌లో ఒత్తున్న చోట్ల మధ్య ఎడం ఎప్పుడూ సమానంగా ఉంటుందని, గడియారంలా కొట్టుకుంటుందని మా స్లయిడ్లలో ఉండేది. చప్పట్లు కొట్టించి మరీ నేర్పేవాళ్లం. ఆ ఎడాల్ని యంత్రాలతో కొలిచినవాళ్లకి అంత సమానత్వం కనబడలేదట. ప్రాట్‌లో నేను బీబీసీ వార్తలు పెట్టి కొలిచి చూసుకున్నాను. నాకూ కనబడలేదు.

సోషియోలింగ్విస్టిక్స్ క్లాసులో పాఠం మామూలే, ప్రాజెక్టు బ్రహ్మాండం. 1962లో విలియం లబోవ్ అనే భాషావేత్త న్యూయార్క్‌లో మూడు రకాల డిపార్ట్‌మెంట్ స్టోర్లకి వెళ్లి, నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఏదో తెలుసుకుని, అది ఎక్కడుందని అమ్మేవాళ్లని అడిగాడు. "ఫోర్త్ ఫ్లోర్" అన్నప్పుడు వాళ్ల ర్ వినబడిందా లేదా అన్నదే అతనికి కావాల్సింది. ఇలా 264 మంది దగ్గర విని రాసుకున్నాడు. ఖరీదైన దుకాణంలో ర్ ఎక్కువ వినబడింది, చవక దుకాణంలో తక్కువ. మా గ్రూపు దీన్ని హైదరాబాదు బట్టల షాపులకి తెచ్చింది. మేం చూసింది ర్ కాదు, తెలుగులో "పట్టుచీరలు ఏ ఫ్లోరండీ?" అని అడిగితే జవాబు ఏ భాషలో వస్తుందన్నది. ఒకే షాపులో, ఒకే ప్రశ్నకి, నేను నేత చీరలో వెళ్తే తెలుగులో, మా బ్యాచ్ అమ్మాయి జీన్స్‌లో వెళ్తే ఇంగ్లిష్‌లో జవాబొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ అమ్మాయిది వనపర్తి, అడిగింది పక్కా వనపర్తి తెలుగులో. దీనికి ఎ గ్రేడ్ వచ్చింది. గ్రేడ్ సంగతి అలా ఉంచితే, షాపులు తిరిగిన వంకతో నాలుగు చీరలు కూడా కొన్నాను, అవి ఫీజులో కలపలేదు.

ఫీల్డ్ మెథడ్స్‌లో మనకి రాని భాష మాట్లాడే మనిషిని కూర్చోబెట్టుకుని, మాటలు అడిగి రాసుకుని, ఆ భాష వ్యాకరణం మెల్లగా తేల్చాలి. మాకు హాస్టల్ మెస్‌లో పని చేసే ఒక లంబాడీ అక్క ఒప్పుకుంది. స్వదేశ్ పట్టికతో మొదలుపెట్టాం. నీళ్లు, నిప్పు, చెయ్యి, కన్ను, ఇలా అన్ని భాషల్లోనూ ఉండే మాటల జాబితా అది. ఆ అక్క మొదటి రోజు బెరుగ్గా ఉన్నా, తర్వాత మా ఉచ్చారణ వింటూ పడీ పడీ నవ్వేది. లంబాడీ చుట్టూ తెలుగు వినబడుతున్నా దాని చుట్టరికం రాజస్థానీ, గుజరాతీలతో. మొదటి వారంలోనే లెక్కపెట్టే అంకెల్లో ఆ సంగతి బయటపడుతుంది. ఇంత పని చేసినామెకి విశ్వవిద్యాలయం నుంచి ఒక్క రూపాయి రాలేదు, అలాంటి పద్దు లేదన్నారు. మేమే తలా కాస్త వేసుకుని ఇచ్చాం. భాష చెప్పే మనిషి గంటకి విలువ కట్టాలని ఆ పేపర్ మొదటి యూనిట్‌లోనే, ఎథిక్స్ అనే శీర్షిక కింద ఉంది!

ఇదే పేపర్ మీద ఇంకో కడుపుమంట. చదవాల్సిన పేర్లన్నీ అమెరికావాళ్లవి, ఐరోపావాళ్లవి. గిడుగు రామమూర్తి లేరు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవర గిరిజనుల కొండలు తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే బడులు పెట్టి, 1931లో సవర భాషకి వ్యాకరణమూ 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువూ అచ్చు వేయించిన మనిషి. ఆ తిరుగుడులో మలేరియా తగులుకుంటే, క్వినైన్ వాడీ వాడీ వినికిడి పోగొట్టుకున్నారు. చెవితో చేసే పనికి చెవినే ఇచ్చారు. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేశారు మా క్యాంపస్‌లో, నేనూ వెళ్లాను, జీడిపప్పు పకోడీ పెట్టారు. మర్నాడు ఫీల్డ్ మెథడ్స్ క్లాసులో మళ్లీ అమెరికా. భద్రిరాజు కృష్ణమూర్తి పరిస్థితి కాస్త నయం. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖని నిలబెట్టిన ఆయన పేరు ద్రావిడ భాషల యూనిట్‌లో ఒకసారి వస్తుంది. కానీ రైతుల నోటి మాటల్ని జిల్లా జిల్లా తిరిగి సేకరించి 1962లో తెచ్చిన ఆ వ్యవసాయ వృత్తి పదకోశం గురించి లైబ్రరీలో నాకు నేనుగా తెలుసుకోవాల్సి వచ్చింది. ఇంతకన్నా మంచి ఫీల్డ్ మెథడ్స్ పాఠం ఏముంటుంది?

లైబ్రరీకి నాలుగు స్టార్లు. కొత్త పుస్తకాలు తక్కువ, పాతవి బంగారం, ఫ్యాన్లు తిరుగుతాయి.

ఆఫీసుకి స్టార్లు ఇవ్వను. టీసీ ఇస్తే గానీ అడ్మిషన్ లేదు, మైగ్రేషన్ సర్టిఫికేట్ ఇస్తే గానీ హాల్ టికెట్ లేదు, పదిహేనేళ్ల కిందట డిగ్రీ చేసినవాళ్లకి ఇవన్నీ ఎక్కడున్నాయో వెతకడమే ఒక పేపర్. రెండో సెమిస్టర్ రిజల్ట్స్ మూడో సెమిస్టర్ సగమయ్యాక వచ్చాయి. నా మెమోలో పేరు ఇంటిపేరుతో అతుక్కుపోయి అచ్చయితే దాన్ని విడదీయించడానికి నాలుగు టేబుళ్లు తిరిగాను. హాజరు 75 శాతం ఉండాలి. పిల్లలున్న తల్లులకి ఇది టెన్షన్, ముందే లెక్క వేసుకోండి. ఫీజు మాత్రం నిజంగా తక్కువ, రెండేళ్లకి కలిపి నా పాత నెల జీతం దాటలేదు. బయట మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లకి కట్టేవాళ్లని చూస్తుంటే నవ్వొస్తుంది.

ఉద్యోగాల సంగతి అందరూ అడుగుతారు. క్యాంపస్‌కి కంపెనీలు రావు. పరిశోధన వైపు వెళ్లాలంటే యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి. ఇక్కడే జాగ్రత్త పడాలి: ఇంగ్లిష్‌కి సబ్జెక్ట్ కోడ్ 30, లింగ్విస్టిక్స్‌కి 31, రెండూ వేరు వేరు పరీక్షలు. ఇంగ్లిష్ పేపర్‌లో సాహిత్యానిదే పెద్ద భాగం, మన కోర్సులో అది లేదు కాబట్టి మనకి 31 నయం. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, అది 2023 జనవరి నుంచి పెరిగిన మొత్తం. జూనియర్ లెక్చరర్ మీద ఆశ ఉన్నవాళ్లు సర్టిఫికేట్ మీద ఏమని రాసి ఇస్తారో చేరకముందే చూసుకోండి. నోటిఫికేషన్‌లో "ఎంఏ ఇంగ్లిష్" అని ఉండి, మీ కాగితం మీద ఇంకో నాలుగు మాటలు ఎక్కువుంటే, ఈక్వివలెన్స్ సర్టిఫికేట్ కోసం మళ్లీ ఆ టేబుళ్లే తిరగాలి. కంప్యూటర్‌కి భాష నేర్పే పనులు ఇప్పుడు బాగా ఉన్నాయి. గొంతులు విని రాసిపెట్టడం, ఉచ్చారణ నిఘంటువులు తయారు చేయడం, తెలుగూ ఇంగ్లిషూ కలిసిన మాటల్ని విడదీసి గుర్తులు పెట్టడం లాంటివి. నేను ప్రస్తుతం చేస్తున్నది అదే, ఇంటి నుంచే, కాంట్రాక్టు మీద. జీతం పాతదానికన్నా తక్కువ. పనిలో బోర్ కొట్టడం కూడా తక్కువే. నాతో చదివినవాళ్లలో కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లకి నాకన్నా మంచి డబ్బులొస్తున్నాయి, ఆ సంగతి సిలబస్ తయారు చేసేవాళ్లకి ఎవరైనా చెబితే బాగుండు.

మొత్తం మీద ఐదుకి మూడున్నర ఇస్తాను. నా చెవికి పని పెట్టిన పేపర్లు ఆ మూడున్నర తెచ్చాయి, నా చేతికి మాత్రమే పని పెట్టిన పేపర్లు ఒకటిన్నర పోగొట్టాయి. డీఎస్సీ కోసం ఒక పీజీ ఉంటే మంచిదని చేరేవాళ్లకి నేను వద్దనే చెప్తాను, దానికి ఇంతకన్నా తేలిక దారులున్నాయి. టీచర్లు, డబ్బింగ్ వాళ్లు, అనువాదకులు, స్పీచ్ థెరపీ వైపు ఆసక్తి ఉన్నవాళ్లు, పక్కింటివాళ్ల యాస విని ఏ ఊరో పట్టేసే రకం మనుషులు, మీరు మాత్రం కళ్లు మూసుకుని చేరొచ్చు.

కేంద్ర విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, మిగతావాటికి వాటి పద్ధతి వాటిది. వెబ్‌సైట్‌లో సిలబస్ పీడీఎఫ్ ఉంటుంది, చదవండి, కానీ దాన్నే నమ్ముకోకండి. మా సిలబస్‌లో సింటాక్స్ కూడా కాగితం మీద చాలా అందంగా ఉంది. ఒకరోజు వెళ్లి సీనియర్లని కాంటీన్‌లో పట్టుకోండి. డేటా ఇచ్చి చేయిస్తారా, చెప్పి రాయిస్తారా, ల్యాబు తాళం నాలుగు తర్వాత ఎవరి దగ్గరుంటుంది, ఈ రెండూ అడగండి. చేరితే చెవులు పూర్తిగా మూసే రకం హెడ్‌ఫోన్స్ ముందే కొనుక్కోండి, ల్యాబులో ఉన్నవాటికి ఒక చెవే పని చేస్తుంది.